ఐదు వేల డాలర్ల టేబుల్ వద్దు, సంక్రాంతికి ఒక మడత బల్ల ఇవ్వండి

డాలస్ ప్రాంత తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

ప్లేనో, టెక్సస్
2025 నవంబర్

కార్యవర్గ సభ్యులకు, పెద్దలకు, వాలంటీర్లకు నమస్కారం.

పోయిన నెల ఒక సంఘం వాళ్లు పిలిస్తే నేనూ మీటింగుకి వెళ్లాను. ఏ సంఘమో చెప్పను. అక్కడున్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లకి అవసరం లేదు. భోజనాలయ్యాక ఒక ప్రతిపాదన వచ్చింది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో పార్ట్ టైమ్ చేస్తూ తూటాలకు బలవుతున్నారు. తుపాకుల విషయంలో మన మాట వినే నాయకుడు ఒకరుండాలి. కాబట్టి ఒక పెద్ద నాయకుణ్ని పిలిచి ఫండ్‌రైజర్ పెడదాం, టేబుల్ ఐదు వేల డాలర్లు, ఇరవై టేబుళ్లు అమ్మితే లక్ష. "తుపాకుల లాబీ డబ్బులిస్తోంది, అందుకే వాళ్ల మాట చెల్లుతోంది. మనమూ ఇస్తే మన మాటా చెల్లుతుంది" అని ఒక అన్నయ్య అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కారెక్కాక గానీ నాకు అనుమానం రాలేదు: ఆ అన్నయ్య చెప్పిన మొదటి వాక్యం నిజమేనా?

ఆ మాటను నేనూ చాలా కాలం నమ్మాను. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం, ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు రైఫిల్ పట్టుకుని ఎనిమిది మందిని చంపాడు. మనలో ఆ మాల్‌కి వెళ్లనివాళ్లు ఎవరు? ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సూట్‌కేసులకీ బూట్లకీ మొదట తీసుకెళ్లేది అక్కడికే. చనిపోయినవాళ్లలో మన తెలుగు ఇంజనీరు అమ్మాయి ఒకరు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ఏడుపులతో పాటు ఒక జాబితా కూడా తిరిగింది. తుపాకుల లాబీలో పెద్ద సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అంటే ఎన్ఆర్ఏ, ఏ సెనేటర్‌కి ఎంత ఇచ్చిందో చెప్పే జాబితా. మిట్ రోమ్నీ 13.6 మిలియన్ డాలర్లు, రిచర్డ్ బర్ దాదాపు 7 మిలియన్లు, రాయ్ బ్లంట్ 4.5, టామ్ టిల్లిస్ 4.4. పైన "వీళ్లు అమ్ముడుపోయారు" అని రాసుంది. కోపంలో ఉన్నాను, నాలుగు గ్రూపులకు పంపేశాను.

చాన్నాళ్ల తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆ జాబితాను సెనేట్ ఓటింగు పక్కన పెట్టి చూశాను.

2022 మే 24న మన టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ తర్వాత నెల రోజుల్లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 21 ఏళ్లలోపు వాళ్లు తుపాకి కొంటే వాళ్ల గత చరిత్ర ఇంకా లోతుగా తనిఖీ చేయడం, ప్రమాదకరంగా ఉన్నవాళ్ల దగ్గర్నుంచి కోర్టు ద్వారా తుపాకి తీసుకునే చట్టాలకు రాష్ట్రాలకి డబ్బు ఇవ్వడం లాంటివి అందులో ఉన్నాయి. గొప్ప చట్టమేమీ కాదు, కానీ కేంద్ర స్థాయిలో దాదాపు ముప్పై ఏళ్లలో అంతకన్నా పెద్దది రాలేదు. ఎన్ఆర్ఏ వద్దంది. సెనేట్‌లో 65-33తో గెలిచింది. అవునన్న రిపబ్లికన్లు 15 మంది. ఆ పదిహేను పేర్లూ చదువుతుంటే నాకు నోట మాట రాలేదు. రోమ్నీ ఉన్నాడు. బర్ ఉన్నాడు. బ్లంట్ ఉన్నాడు. టిల్లిస్ ఉన్నాడు. మన వాట్సాప్ జాబితాలో తలకాయల్లా ఉన్న నలుగురూ, "అమ్ముడుపోయిన" నలుగురూ, కొన్నవాడికి ఎదురు ఓటేశారు.

అంటే వాళ్లకి ఒక్కసారిగా జ్ఞానోదయం అయిందని కాదు. ఆ పదిహేను మంది పేర్ల పక్కన ఇంకో కాలమ్ రాసి చూడండి: వీళ్లు మళ్లీ ఓటర్ల ముందుకి ఎప్పుడు వెళ్లాలి? బర్, బ్లంట్, రాబ్ పోర్ట్‌మన్, పాట్ టూమీ నలుగురూ ఆ ఏడాది రిటైరవుతున్నారు. రోమ్నీకి 2024 దాకా గడువుంది. మిచ్ మెకానెల్, మన జాన్ కార్నిన్, టిల్లిస్‌తో కలిపి ఎనిమిది మందికి 2026 దాకా ఎన్నికే లేదు. అదే ఏడాది ఎన్నికలున్నది ఇద్దరికే. వాళ్లలో ఇండియానా సెనేటర్ టాడ్ యంగ్‌కి ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, అప్పటికే అయిపోయింది. అలాస్కాలో లీసా మర్కౌస్కీ ఎన్నికల పద్ధతే వేరు, అక్కడ పార్టీ ప్రైమరీ లేదు. డబ్బు కాలమ్ చూస్తే ఈ ఓట్లకి అర్థం దొరకదు. క్యాలెండర్ చూస్తే మొత్తం అర్థమవుతుంది.

ఆ జాబితాలో ఇంకో తిరకాసు ఉంది. రోమ్నీకి ఎవరూ 13.6 మిలియన్ల చెక్కు రాసివ్వలేదు. అందులో చాలా భాగం 2012లో ఆయన ప్రెసిడెంటుగా పోటీ చేసినప్పుడు ఎన్ఆర్ఏ తనంతట తాను టీవీల్లో, పోస్టులో, ఎక్కువగా ఒబామాకి వ్యతిరేకంగా పెట్టిన ఖర్చు. అభ్యర్థి చేతికి ఇచ్చే డబ్బుకి ఇక్కడ పరిమితి ఉంది. ఇలాంటి సంస్థల ప్యాక్, అంటే ఎన్నికల విరాళాల కమిటీ, ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి 5,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. ప్రైమరీకి ఐదు, అసలు ఎన్నికకి ఐదు, అంతే. ఫ్రిస్కోలో ఇల్లు కొనేటప్పుడు మనం బిల్డర్‌కి అప్‌గ్రేడ్ల కింద కట్టేది అంతకన్నా ఎక్కువ. 2016లో ఎన్ఆర్ఏ సొంతంగా ప్రచారానికి పెట్టింది 54 మిలియన్ డాలర్లు. అభ్యర్థులకు నేరుగా ఇచ్చింది దాని ముందు చిల్లర. సెనేట్ ప్రచారం కోట్ల డాలర్లు నడిచే ఈ రోజుల్లో పదివేలకి ఎవరైనా ముప్పై ఏళ్ల రాజకీయం అమ్ముకుంటారా?

మనకు ఇలా అనిపించడంలో తప్పు లేదు. మనం వచ్చిన చోట డబ్బుకీ ఓటుకీ మధ్య ఒక కవరు ఉంటుంది, ఎన్నికల ముందు రాత్రి ఇంటికొస్తుంది. పైస్థాయిలో ఎలక్టోరల్ బాండ్లు ఉండేవి. ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియకుండా నడిచాయి, చివరికి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకని ఎక్కడ డబ్బు కనిపించినా మన బుర్ర వెంటనే "ఇచ్చాడు, చేయించుకున్నాడు" అని లెక్క కట్టేస్తుంది. ఇక్కడ లెక్క చాలాసార్లు తిరగబడి ఉంటుంది. ముందే తమ వైపున్నవాణ్ని చూసి, వాడు గెలవడానికి డబ్బు పెడతారు. తుపాకి హక్కుల మీద పుట్టి పెరిగిన ఊరి నుంచి వచ్చిన రిపబ్లికన్‌కి ఎన్ఆర్ఏ చెక్కు రావడం, పూజారిగారికి గుళ్లో ప్రసాదం పెట్టడం లాంటిది. ప్రసాదం తిన్నాక ఆయన భక్తుడు కాలేదు కదా.

మరి వాళ్ల బలమంతా ఎక్కడుంది? నాకు తెలిసిన నాలుగు కథలు చెబుతాను. వరస ముఖ్యం కాదు.

మన టెక్సస్‌తోనే మొదలుపెడదాం. బోమాంట్ వైపు నుంచి జాక్ బ్రూక్స్ అనే డెమోక్రాట్ నలభై రెండేళ్లు కాంగ్రెస్‌లో ఉన్నాడు. హౌస్ జ్యుడీషియరీ కమిటీ చైర్మన్. ఎన్ఆర్ఏకి పాత స్నేహితుడు. 1994 నేర బిల్లులోంచి అసాల్ట్ వెపన్స్ (సైన్యం తరహా రైఫిళ్ల) నిషేధాన్ని తీసేయాలని తన వల్లయినంత చూశాడు, కుదరలేదు. చివరికి మొత్తం బిల్లుకి ఓటేశాడు. మూడు నెలల్లోపే ఎన్నికలు, ఇంటికి పంపేశారు. దశాబ్దాల స్నేహం ఒక్క ఓటుతో పోయింది. అదే రోజు స్పీకర్ టామ్ ఫోలీ కూడా వాషింగ్టన్ రాష్ట్రంలో తన సీటు పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది డెమోక్రాట్లు ఓడిపోవడానికి హెల్త్ కేర్ దగ్గర్నుంచి బోలెడు కారణాలున్నాయి. కానీ "తుపాకుల జోలికెళ్తే ఇదీ గతి" అన్న భయం మాత్రం ఇరవై ఏళ్లు ఆ పార్టీని వదల్లేదు.

రెండోది కొలరాడో. ఆ అన్నయ్య వాదనకి ఇది నేరుగా అడ్డొస్తుంది. 2013లో ఆ రాష్ట్రం తుపాకి అమ్మకాలన్నిటికీ తనిఖీ పెట్టింది, 15 తూటాలకు మించిన మ్యాగజైన్లు నిషేధించింది. కోపమొచ్చిన జనం సంతకాలు సేకరించి, రాష్ట్ర సెనేట్ ప్రెసిడెంట్ జాన్ మోర్స్‌నీ, ఏంజెలా హీరాన్ అనే సెనేటర్‌నీ పదవి మధ్యలో దింపేయడానికి రీకాల్ ఎన్నిక తెచ్చారు. న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బెర్గ్ ఒక్కడే వీళ్లని కాపాడటానికి 3,50,000 డాలర్లు పంపాడు. మొత్తం మీద వీళ్ల వైపు డబ్బు అవతలి వైపు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఇద్దరూ ఓడిపోయారు. మోర్స్ ఓడింది కొన్ని వందల ఓట్ల తేడాతో. సెప్టెంబర్‌లో, పోస్టల్ బ్యాలట్లు లేని ఎన్నికలో, పనిగట్టుకుని బూత్‌కి వెళ్లి నిలబడ్డవాళ్లదే గెలుపు.

అదే ఏడాది ఏప్రిల్ 17న వాషింగ్టన్‌లో జరిగింది ఇంకా బాధాకరం. శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయి నాలుగు నెలలు. తుపాకి అమ్మకాలకు తనిఖీ విస్తరించే సవరణ సెనేట్‌కి వచ్చింది. సర్వేల్లో నూటికి తొంభై మంది అవునంటున్నారు. తెచ్చిన సెనేటర్లు మంచిన్, టూమీ ఇద్దరికీ ఎన్ఆర్ఏ దగ్గర ఏ గ్రేడే, అంటే తమవాళ్లే అన్న ముద్ర. 54 ఓట్లొచ్చాయి, 60 కావాలి, పోయింది. వద్దన్నవాళ్లలో అలాస్కా, ఆర్కన్సా, మోంటానా, నార్త్ డకోటా డెమోక్రాట్లు కూడా ఉన్నారు. వాళ్లకి తెలుసు: ఆ తొంభై మందిలో ఈ ఒక్క విషయం మీద ఓటు మార్చేవాళ్లు తక్కువ, మిగిలిన పదిమందిలో చాలా ఎక్కువ. 2017లో ప్యూ సంస్థ అడిగితే, తుపాకి ఉన్నవాళ్లలో నూటికి 21 మంది ఎప్పుడో ఒకప్పుడు ఈ విషయం మీద ప్రజాప్రతినిధిని కదిపామన్నారు. తుపాకి లేనివాళ్లలో 12 మందే. మనలో ఎంతమంది? చేతులెత్తమని మీటింగులో అడగాలనిపించింది, మొహమాటపడ్డాను.

నాలుగోది చిన్నది. 2022లో బఫలో సూపర్ మార్కెట్ కాల్పుల తర్వాత ఆ ప్రాంతపు రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు క్రిస్ జేకబ్స్, అసాల్ట్ వెపన్స్ నిషేధానికి ఓటేస్తానన్నాడు. వారం తిరిగేసరికి మళ్లీ పోటీ చేయనని ప్రకటించి తప్పుకున్నాడు. ఆయన మీద ఒక్క టీవీ యాడ్ వేయాల్సిన పని కూడా పడలేదు, సొంత పార్టీ వాళ్లే పక్కకి జరిగారు.

ఎన్ఆర్ఏ అసలు పని ఇక్కడే ఉంది. వాళ్లు నాయకులకు ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లిస్తారు, ఎన్నికల ముందు సభ్యుల ఇళ్లకి వెళ్లే పత్రికలో అచ్చేస్తారు. ఏ మైనస్ వస్తే మన ఇళ్లలో పిల్లలు ఎంత భయపడతారో నాయకులూ అంతే. ఆ సభ్యుల్ని ఒక్క రోజులో తయారు చేయలేదు. 1871లో సైనికులకు గురి నేర్పడానికి పుట్టిన సంస్థ అది. షూటింగ్ క్లాసులు, వేట క్లబ్బులు, రేంజ్‌లో సేఫ్టీ పాఠాలు, పిల్లల క్యాంపులు, నూటయాభై ఏళ్ల పని. 1977లో సిన్సినాటీ సభలో గట్టి రాజకీయం కోరేవాళ్లు సంస్థని చేతిలోకి తీసుకున్నాక ఆ అలవాట్లన్నీ ఓట్లయ్యాయి. మన భాషలో చెప్పాలంటే అభిమాన సంఘం. హీరో అభిమానులకి డబ్బివ్వడు. అభిమానులే సొంత జేబులోంచి తీసి ఫ్లెక్సీ కడతారు, తెల్లవారుజామున బెనిఫిట్ షోకి లైన్లో నిలబడతారు, హీరోని ఎవరైనా ఒక మాటంటే ఊరుకోరు. తుపాకి అంటే ఒక సామాను అనుకునేవాడు అలా నిలబడడు. తానెవరో చెప్పే గుర్తు అనుకునేవాడు నిలబడతాడు. అలాంటి సంఘాన్ని మనం ఇరవై టేబుళ్లతో ఢీకొంటామంటున్నాం.

ఆ సంస్థ ఇప్పుడు చితికిపోయి ఉంది కూడా. 2021లో మన డాలస్ కోర్టులోనే దివాలా పిటిషన్ వేస్తే జడ్జి కొట్టేశారు. ముప్పై ఏళ్లు నడిపిన వేన్ లాపియెర్ 2024 జనవరిలో దిగిపోయాడు, తర్వాతి నెల న్యూయార్క్ జ్యూరీ ఆయన్ని సంస్థకి నాలుగు మిలియన్ డాలర్లకు పైగా తిరిగి కట్టమంది. డబ్బే కారణమైతే డబ్బు తగ్గినప్పుడు చట్టాలు గట్టిపడాలి కదా. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. ఇలాంటి చట్టం ఉన్న రాష్ట్రాలు 2025 నాటికి 29. లాబీ దగ్గర డబ్బు తగ్గింది, ఓటర్లు ఎక్కడికీ పోలేదు.

ఇంతా చెప్పి డబ్బు ఏమీ చేయదంటే మిమ్మల్ని మోసం చేసినట్టే. చేస్తుంది, కాకపోతే వేరే చోట. ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒకే సంస్థ తరఫున 191 కాంగ్రెస్ ఆఫీసులకు మీటింగ్ అడుగుతూ లేఖలు పంపారు. కొన్నిటిలో వచ్చేవాళ్లు "మీ నియోజకవర్గం వాళ్లు" అని, కొన్నిటిలో "డోనర్లు" అని. డోనర్లన్న చోట పెద్ద అధికారులు కలవడం మూడు రెట్లు దాటింది. కాబట్టి చెక్కు తలుపు తీస్తుంది. లోపలికెళ్లాక ఎవరూ చూడని చిన్న విషయాలైతే పనులు కూడా అవుతాయి.

తుపాకుల్లో అలాంటివి చాలా ఉన్నాయి. 1996లో బడ్జెట్ బిల్లులో ఒక వాక్యం చేరింది: కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ, తన గాయాల విభాగం డబ్బుని తుపాకి నియంత్రణకి ప్రచారంగా వాడకూడదు. దాంతో పాటు 2.6 మిలియన్ డాలర్లు కోశారు, సరిగ్గా తుపాకి పరిశోధనకి వాడుతున్నంత. భయంతో ఇరవై ఏళ్లకు పైగా ఆ పరిశోధనే పడుకుంది. ఆ వాక్యం తెచ్చిన ఆర్కన్సా కాంగ్రెస్ సభ్యుడు జే డిక్కీ తర్వాత తప్పు చేశానని పత్రికలో రాశాడు. 2019 చివర్లో గానీ మళ్లీ డబ్బు రాలేదు, 25 మిలియన్లు. 2005లో తయారీదారుల మీద దావాలకు అడ్డుకట్ట వేసే చట్టం వచ్చింది, టీవీల్లో పెద్దగా కనపడలేదు.

ఇంకోటి మన సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం. నేరంలో దొరికిన తుపాకి ఎవరు కొన్నారో వెతికే ప్రభుత్వ కేంద్రం వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. మూతపడ్డ షాపుల రికార్డులు అక్కడికి పెట్టెల్లో వస్తాయి. స్కాన్ చేస్తారు, కానీ పేరు కొట్టి వెతికే డేటాబేస్ చేయకూడదని చట్టం. మనిషి కూర్చుని ఒక్కో పేజీ బొమ్మలా తిప్పుకుంటూ చూడాలి. మీలో సగం మంది ఒక వీకెండ్‌లో కట్టేయగల సిస్టమ్ అది. లాబీ అసలు గెలుపులు ఇలాంటివే. వీటిని ఏ వాట్సాప్ జాబితాలోనూ చూడలేదు నేను.

వర్జీనియా సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతాను. ఎన్ఆర్ఏ ఆఫీసు ఉన్నదే అక్కడ, ఫెయిర్‌ఫాక్స్‌లో. 2019 మేలో వర్జీనియా బీచ్‌లో 12 మంది చనిపోయారు. గవర్నర్ జూలైలో ప్రత్యేక సమావేశం పిలిస్తే, సభల్లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు గంటన్నరలో ముగించి వెళ్లిపోయారు. నవంబర్ ఎన్నికల్లో బ్లూమ్‌బెర్గ్ మద్దతున్న ఎవ్రీటౌన్ సంస్థ ఎన్ఆర్ఏ కన్నా చాలా ఎక్కువ ఖర్చు పెట్టింది. రెండు సభలూ డెమోక్రాట్ల చేతికి మారాయి, 2020లో తనిఖీ చట్టం వచ్చింది. "చూశారా, డబ్బే!" అనొచ్చు. అదే బ్లూమ్‌బెర్గ్ డబ్బు కొలరాడోలో మునిగింది కదా. తేడా ఏమిటంటే, వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ లాంటి శివారు కౌంటీల్లో అప్పటికే కొత్త ఓటర్లు వచ్చి చేరారు, మనవాళ్లతో సహా. డబ్బు వాళ్లని ఇంట్లోంచి కదిలించింది.

ఇక మన సంగతి. "మనం ఎంతమందిమి, మన ఓట్లెంత?" అని మీటింగులో ఒక బాబాయి అడిగారు. దానికి జవాబు ఒక ఎన్నికలో ఉంది. టోనీ గొంజాలెజ్ అనే రిపబ్లికన్ 2022లో యువాల్డీ ఉన్న నియోజకవర్గానికి కాంగ్రెస్ సభ్యుడు. 2022 చట్టానికి ఓటేశాడని, ఇంకొన్ని కారణాలతో, రాష్ట్ర పార్టీ ఆయన మీద అభిశంసన పెట్టింది. 2024 మేలో ప్రైమరీ రన్‌ఆఫ్‌లో (ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు పెట్టే రెండో విడతలో) ఎదురొచ్చింది యూట్యూబ్‌లో తుపాకుల వీడియోలు చేసే ఒక కుర్రాడు. గొంజాలెజ్ దగ్గర డబ్బు చాలా ఎక్కువ. పోలైనవి 30 వేల లోపు ఓట్లు. గెలిచింది సుమారు నాలుగు వందల తేడాతో. నాలుగు వందలంటే మన దసరా భోజనాల్లో మొదటి రెండు బంతులు.

ఆలెన్ ఘటన జరిగిన రెండు రోజులకే, 2023 మే 8న, ఆస్టిన్‌లో రాష్ట్ర హౌస్ కమిటీ ఒకటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 21కి పెంచే బిల్లుని 8-5తో పాస్ చేసింది. గడువు దాటిపోయి ఆ బిల్లు సభ ముందుకే రాలేదు. ఆ ఎనిమిదిలో ఇద్దరు రిపబ్లికన్లు. ఒకరు మన పక్కనే రాక్‌వాల్ నుంచి జస్టిన్ హాలండ్. మరుసటి ఏడాది రన్‌ఆఫ్‌లో ఓడిపోయారు. స్కూల్ వోచర్లు, అటార్నీ జనరల్ అభిశంసన లాంటి కారణాలు కూడా ఉన్నాయి, తుపాకి ఒక్కటే అనను. కానీ మన పిల్ల పోయిన మూడో రోజుకల్లా మనం కోరిన ఓటే వేసిన మనిషి ఆయన. ఆ రన్‌ఆఫ్ ఎప్పుడు జరిగిందో మనలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, తర్వాత పేపర్లో చదివాను.

టెక్సస్‌లో పార్టీ పేరుతో రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. ఏ ఓటరైనా మార్చిలో ఏ పార్టీ ప్రైమరీకైనా వెళ్లొచ్చు, ఒకదానికి. 2022 ప్రైమరీలకి రెండు పార్టీలూ కలిపి వచ్చింది నూటికి 18 మంది లోపే. జిల్లాల గీతలు గీసిన తీరు వల్ల చాలా సీట్లు నవంబర్‌లో కాదు, మార్చిలోనే తేలిపోతాయి. జాన్ కార్నిన్ ఏ ప్లస్ గ్రేడున్న మనిషి, 2022 చట్టానికి ముందుండి బేరమాడాడు, దానికి హ్యూస్టన్‌లో సొంత పార్టీ సభే ఆయన్ని గట్టిగా ఎగతాళి చేసింది. ఆ హాల్లో అరిచినవాళ్లు 2026 మార్చి 3న కచ్చితంగా ఓటేస్తారు.

మీ ఇబ్బంది నాకు తెలుసు. మన సంఘాలు చాలావరకు 501సీ3లు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు, ఫలానా అభ్యర్థికి ఓటేయమని చెప్పకూడదు. పైగా మనలో అందరూ ఒకే మాట మీద లేరు. బంగారం కోసం ఇళ్లు దోచుకున్న రోజుల తర్వాత మనవాళ్లు చాలామంది పిస్టల్ కొన్నారు, మా తోడికోడలితో సహా. ఆవిడతో నేను పోట్లాడను, బాగా వంట చేస్తుంది. కాబట్టి తుపాకుల మీద సంఘం తీర్మానం చేయాలని అడగడం లేదు. ఏ పార్టీ అని కూడా చెప్పకుండా ఓటరు నమోదు చేయించడం మాత్రం 501సీ3కి చట్టం ఒప్పుకునే పని. ఇది ఫండ్‌రైజర్‌కి వర్తించదు. అభ్యర్థికి విరాళం సేకరించడం సంఘం పేరు మీద కుదరదు, కావాలంటే లాయర్‌ని అడగండి. హెచ్1 మీద ఉన్న పిల్లల్ని ఆ టేబుళ్ల దగ్గర డబ్బిమ్మని అడగడం అసలే కుదరదు, విదేశీయులు ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు వాళ్లు ఇవ్వొచ్చు. మీటింగులో ఈ మాట ఒక్కరూ ఎత్తలేదు.

టెక్సస్‌లో కొత్తగా ఓటరు కావాలంటే నేరుగా ఆన్‌లైన్‌లో కుదరదు, చాలావరకు కాగితం మీదే. కౌంటీ ఆఫీసు దగ్గర ట్రైనింగ్ తీసుకుంటే వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్ అనే సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో ఆ కౌంటీ వాళ్ల ఫారాలు తీసుకుని ఆఫీసులో ఇవ్వొచ్చు. నేను కాలిన్ కౌంటీది తీసుకున్నాను. డెంటన్ వాళ్లకి వేరే సర్టిఫికెట్ కావాలి, డాలస్ కౌంటీకి ఇంకోటి, ఏ కౌంటీకి ఆ కౌంటీయే. మార్చి ప్రైమరీకి నమోదు గడువు ఫిబ్రవరి 2. మన సంక్రాంతి సంబరాలు దానికి ముందే వస్తాయి. సిటిజన్‌షిప్ వచ్చి ఏళ్లయినా నమోదు కానివాళ్లు ముగ్గుల పోటీ దగ్గర, పిండివంటల స్టాల్ దగ్గర ఎంతమంది దొరుకుతారో మీకు నాకన్నా బాగా తెలుసు.

నాకు ఒక మడత బల్ల, రెండు కుర్చీలు వేసుకునే చోటు ఇవ్వండి. ఫుడ్ కౌంటర్ పక్కనైతే మంచిది, లైన్లో నిలబడ్డవాళ్లు ఎటూ పోరు. పెన్నులు, ఫారాలు నేనే తెచ్చుకుంటాను. డెంటన్, డాలస్ కౌంటీల ట్రైనింగ్‌కి మీ యూత్ కమిటీలోంచి ఇద్దరిని డిసెంబర్‌లోపు పంపితే చాలు. వాళ్ల పేర్లు నాకు వాట్సాప్ చేయండి, కౌంటీ ఆఫీసుకి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ సంఘంలో పన్నెండేళ్లుగా పులిహోర కలుపుతున్న ఒక సభ్యురాలు